మూడు వేళ్ళ సందు

మా బాబాయికి మనుషుల మొహాలు గుర్తుండవు, వాళ్ళ కార్ల చక్రాలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా ఆగి నమస్కారం పెడితే తిరిగి పెట్టేసి, "ఎవరే ఆయన?" అని నా చెవిలో అడుగుతాడు. "ఎదురింటి లాయరుగారు బాబాయ్. ఇరవయ్యేళ్ళ నుంచీ ఎదురింట్లోనే ఉంటున్నారు" అంటాను. కాసేపు ఆలోచించి, "ఓహో, ఆ పద్నాలుగంగుళాల వెండిరంగు రిమ్ములాయనా! అలా చెప్పవేం మరి!" అని నన్నే కసురుకుంటాడు.

ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చేయడం. డాక్టర్లు కొలతలు పంపితే, కింద వాటాలో ముందుగదిలో కూర్చుని, కళ్ళకు భూతద్దం తగిలించుకుని సెట్లు చేస్తాడు. చిగురుకీ పన్నుకీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్ళీ మొదటికొస్తాడు. ఆ పట్టుదల పళ్ళ దగ్గర ఆగిపోతే ఈ కథ లేదు. అది రోడ్డెక్కింది. టైరుకీ పైనున్న మడ్‌గార్డుకీ మధ్య సందు ఎంతుందో చూసి, కారు అందం తేల్చేస్తాడు బాబాయి. కొలత ఆయన వేళ్ళే. మూడు వేళ్ళు దూరితే ఆ కారు బోసినోరు. రెండు వేళ్ళయితే సర్దుకుపోవచ్చు. ఒకే ఒక్క వేలు దూరితే మాత్రం ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

ఈ వేళ్ళ గొడవతో మేము పడ్డ అవమానాలు ఇన్నీ అన్నీ కావు. ఒకసారి సిగ్నల్ దగ్గర నా పక్క సీట్లోంచి చటుక్కున దిగి, ముందున్న కారు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆ కారావిడ అద్దం దించి కేక వేసింది.

"ఏయ్! ఏం చేస్తున్నారక్కడ?"

"వేలు పెడుతున్నానండీ."

"ఏమిటీ?"

"కంగారు పడకండి. మీకు రెండున్నర."

పచ్చలైటు పడింది, వెనక హారన్లు మోగాయి, ఆవిడ తిట్లు అందుకుంది. బాబాయి మాత్రం తీరిగ్గా వచ్చి కూర్చుని, "పదిహేడంగుళాల రిమ్ములు వేస్తే ఆ కారు మారిపోతుందే, పాపం, చెప్పేవాళ్ళు లేరు" అని నిట్టూర్చాడు.

ఆయనకు పెళ్ళి కాకపోవడానికీ ఆ వేళ్ళే కారణం. లైబ్రరీలో పనిచేసే ఒకావిడంటే బాబాయికి ప్రాణం. ఆవిడకీ ఇష్టమే. ఒక సాయంత్రం కొత్త కారు కొనుక్కుని, అందరికంటే ముందు ఈయనకే చూపించాలని మా ఇంటి ముందు ఆపింది. దిగి, సిగ్గుపడుతూ, "ఎలా ఉంది?" అని అడిగింది. బాబాయి వంగి చూశాడు. లేచాడు. "నాలుగు" అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ కారెక్కి వెళ్ళిపోయింది, మరి రాలేదు. "బాగుంది అంటే నీ సొమ్మేం పోయేది?" అని అమ్మ నెల రోజులు సాధించింది. "చక్రం విషయంలో అబద్ధం ఎలా ఆడను వదినా?" అన్నాడు. ఇప్పటికీ లైబ్రరీ ఉన్న వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే అది దాటేదాకా కిటికీలోంచి చూస్తూ ఉంటాడు.

ఇంతకీ ఆయనకూ ఒక కారుంది. పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్ళు. పాత యజమాని చక్రాలు విడిగా అమ్ముకున్నాడు కాబట్టి అది మా ఇంటికి లారీ మీద వచ్చింది. షెడ్డులో నాలుగు స్టాండ్ల మీద దాన్ని దించి, "వారంలో చక్రాలు తెచ్చేస్తా" అన్నాడు బాబాయి. ఆ వారం ఆరేళ్ళు నడిచింది. పదహారంగుళాలు వేస్తే సందు పెద్దదవుతుంది. పదిహేడు వేస్తే ముందు బాగుంటుంది, వెనక తేలిపోతుంది. పద్దెనిమిది వేస్తే బ్రహ్మాండం, కానీ ఏ వెడల్పు? ఏ చువ్వల డిజైను? నల్లవా, వెండివా?

ఇంట్లోకి ఏ అట్టపెట్టె వచ్చినా మర్నాటికి దానికి గుండ్రటి కన్నం పడేది. ఆ అట్టచక్రాలకు రంగులేసి, కారుకి అంటించి, ఎదురింటి మేడెక్కి చూసేవాడు. లెక్కల టీచర్నన్న పాపానికి షెడ్డులో నిలబడి వాటిని పట్టుకునే ఉద్యోగం నాది.

"కొంచెం కిందకే!"

"ఇంతా?"

"వెంట్రుకవాసి పైకి! ఆఁ... కదలకు. ఊపిరి తీయకు."

లాయరుగారు ఆయన పక్కనే నిలబడి, "మరి పెట్రోలు కూడా అట్టతోనే చేస్తారా?" అని అడిగేవారు. బాబాయికి ఆ మాటలు వినబడేవి కావు. అక్కడి నుంచి కారు వంక చూస్తున్న ఆయన మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. ఒక మనిషి ఒక వస్తువుని అంతగా కోరుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

చూడలేదంటే తప్పు. మా ఇంట్లోనే, పై వాటాలో మా అమ్మ ఉంది. మెట్ల మీంచి జారిపడి వెన్నుకి ఆపరేషనయ్యాక ఆవిడ బండెక్కడం మానేసింది. ఒకసారి నా కార్లో ఆసుపత్రికి తీసుకెళ్తే మూడు రోజులు మంచం దిగలేదు. మా ఊరికి రెండు గంటల దూరంలో మా పెద్దమ్మ ఉంది. ఆవిడకి చూపు దాదాపు పోయింది, అలవాటైన ఆ ఇల్లు విడిచి ఎక్కడికీ రానంటుంది. అక్కాచెల్లెళ్ళు చూసుకుని నాలుగేళ్ళు. మా నాన్న ఓడలో ఇంజనీరు, ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళ మీదే. అందుకని అమ్మకి కబుర్లన్నీ అక్కతోనే, అదీ ఫోన్లోనే.

ఆ ఫోను మాట్లాడే చోటు షెడ్డు. ఒకరోజు బాబాయిని తిట్టడానికి కిందకి వెళ్ళి, మోకాళ్ళు లాగుతున్నాయని ఆ కారులో కూర్చుంది. వెనక్కి వాలి, నడుముని రెండు వైపులా పట్టి ఉంచే సీటు అది. "ఏమయ్యా! ఇందులో కూర్చుంటే నొప్పి తెలియట్లేదు!" అంది, తిట్టడం మర్చిపోయి. ఆ రోజు నుంచీ సాయంత్రం ఐదయ్యేసరికి చక్రాల్లేని కారులో కూర్చుని అక్కకి ఫోను చేసేది.

"ఎక్కడున్నావే?" అనేది పెద్దమ్మ.

"కార్లో ఉన్నానక్కా."

"ఎంతదాకా వచ్చావ్?"

"షెడ్డుదాకా."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. నవ్వు ఆగాక, "ఎప్పుడొస్తావే?" అనేది పెద్దమ్మ. పక్కన అట్ట కత్తిరిస్తూ కూర్చున్న బాబాయి కత్తెర ఆగేది.

ఏడో ఏడు బాబాయికి కోరుకున్న చక్రాలు దొరికాయి. పద్దెనిమిదంగుళాలు, ముదురు బూడిదరంగు, సన్నటి ఐదు జంట చువ్వలు, వెనకవి ముందువాటి కంటే అంగుళం వెడల్పు. టైర్ల షాపాయన స్వయంగా వచ్చి బిగించి వెళ్ళాడు. కారు స్టాండ్లు దిగి నేల మీద నిలబడింది. నిజం చెప్పొద్దూ, నాకే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. లాయరుగారు జోకు వేయబోయి మానేశారు. బాబాయి వంగి సందులో వేలు పెట్టాడు. ఒక్క వేలు. రెండోది దూరలేదు. అలాగే చతికిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, నన్నోసారి మలుపుదాకా తిప్పవూ?" అంది అమ్మ.

వెళ్ళారు. మలుపుకి ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఆ చక్రాల మీద రబ్బరు అప్పడమంత. రిమ్ము పెరిగితే రబ్బరు తగ్గాలి, రబ్బరు తగ్గితే రోడ్డు మీద గతుకు నేరుగా నడుముకే వస్తుంది. తిరిగొచ్చాక అమ్మ, "బాగుందయ్యా, చాలా బాగుంది" అని నవ్వింది. కానీ దిగేటప్పుడు ముందు తలుపు పట్టుకుంది, తర్వాత నన్ను పట్టుకుంది, తర్వాత గోడ పట్టుకుంది. మెట్లెక్కుతూ నాతో మెల్లగా, "ఇంక మాకు ఫోనేనే" అంది. నేను వెనక్కి తిరిగి చూస్తే బాబాయి మెట్ల కిందే నిలబడి ఉన్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే కారు మళ్ళీ స్టాండ్లెక్కింది.

"ఏమైంది బాబాయ్?"

"సందు కుదర్లేదే."

"ఒక్క వేలే కదా దూరింది! అదే కదా నీకు కావలసింది!"

"అరవేలు తేడా ఉంది. నీకు తెలీదులే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు అట్టలు పట్టుకున్న చేతులివి! వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు కూడా లేదు. పళ్ళ పని సగంలో వదిలి షాపు చుట్టూ తిరిగాడు. ఏవేవో టైర్లు వేయించేవాడు, తీయించేవాడు. ఒకరోజు చూస్తే పక్క సీటు తడిసి ముద్దయింది.

"ఏమిటీ తడి?"

"చెమట."

"ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదుగా!"

"సీటుకే పట్టిందే, ఎండలు చూడు."

రెండు నెలలకు ఆయన ఎంపిక పూర్తయింది. షెడ్డులోంచి బయటికొచ్చిన కారుని చూసి వీధి వీధంతా నోరు తెరిచింది. చిన్న పదిహేనంగుళాల రిమ్ములు, వాటి చుట్టూ బొద్దుగా, ఉబ్బెత్తుగా రబ్బరు. పందెపు గుర్రానికి పిల్లల ట్రైసికిలు చక్రాలు తగిలించినట్టుంది. నేను వెళ్ళి సందులో వేళ్ళు పెట్టాను. మూడూ హాయిగా దూరాయి, నాలుగోదానికీ ఆశ కలిగింది.

"ఇదేమిటండీ!" అన్నారు లాయరుగారు.

"ఇప్పుడిదేనండీ ఫ్యాషను" అన్నాడు బాబాయి.

చక్రం విషయంలో అబద్ధమాడలేక పెళ్ళి పోగొట్టుకున్న మనిషి! ఆ మాట ఆ నోట రావడం విని నాకు భయమేసింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆయన గదిలోకి తొంగి చూస్తే, పద్దెనిమిదంగుళాల చక్రాలు నాలుగూ మంచానికి ఎదురుగా, గోడకు ఆనించి, గుడ్డతో తుడిచి ఉన్నాయి.

సంగతేమిటో తేల్చుకుందామని గాలి కొట్టించే వంకతో టైర్ల షాపుకి వెళ్ళాను. "ఆయనకిలాంటివి ఎలా అంటగట్టావయ్యా?" అని నిలదీశాను.

షాపాయన రెండు చేతులూ జోడించాడు. "నన్ననకండమ్మా. ఆయన నన్ను ఏడిపించేశారు. పళ్ళ అచ్చులు పోస్తారే, ఆ తెల్లపొడితో, గ్లాసు పట్టే గుంట పెట్టి ఒక దిమ్మ పోసుకొచ్చారు. దాన్ని పక్క సీట్లో బిగించి, అందులో గ్లాసు పెట్టి, నిండా నీళ్ళు పోశారు. ఏ టైర్లు వేసినా సరే, ఆ గ్లాసుతో స్పీడ్ బ్రేకర్ దాటాలి. ఒలికితే తీసెయ్! తొమ్మిది రకాలు తీశానమ్మా. ఈ పదిహేనుకి చుక్క ఒలకలేదు. 'ఇవి అసహ్యంగా ఉంటాయి సార్' అని నేనే చెప్పాను."

"దానికేమన్నాడు?"

"'నాకు తెలుసయ్యా, నేను చూడకుండా బిగించు' అని అటు తిరిగి నిలబడ్డారు."

నేను గాలి కొట్టించుకోకుండానే వచ్చేశాను. ఇంటికొచ్చి, ముందుగది గుమ్మంలో నిలబడి బాబాయి వంకే చూశాను. "ఏమిటే అలా చూస్తావ్? పళ్ళేమైనా నొప్పా?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. అమ్మ ఆ కారులో, వెనకే నేను నా కారులో. పెద్దమ్మకి చెప్పలేదు. దారి పొడుగునా గుంతలే. నేను సీట్లో ఎగిరెగిరి పడుతూ, ముందు అద్దంలోంచి అమ్మ తలనే చూస్తూ నడిపాను. ఆ చిన్న చక్రాలు ప్రతి గుంతలోకీ మెత్తగా దిగి, మెత్తగా లేచాయి. అమ్మ తల కదల్లేదు. ఊరు దాటాక ఆవిడ చెయ్యి కిటికీలోంచి బయటికొచ్చి గాలిలో ఆడింది. నాకు రోడ్డు మసకబారింది, కాస్త ఆపి మళ్ళీ బయల్దేరాను.

పెద్దమ్మ ఇంటి ముందు కారాగగానే అమ్మ లోపల్నుంచే ఫోను చేసింది.

"ఎక్కడున్నావే?" పెద్దమ్మ గొంతు ఫోన్లోంచీ వినబడింది, తెరిచిన కిటికీలోంచీ వినబడింది.

"కార్లో ఉన్నానక్కా."

"ఎంతదాకా వచ్చావ్?"

"తలుపు తియ్యి."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. బాబాయి మాత్రం కారుకి అవతలి పక్క నిలబడి, లేని మరకని జేబురుమాలుతో తుడుస్తున్నాడు.

చాలాసేపటికి పెద్దమ్మ చెల్లెలి చెయ్యి వదిలి, "ఏదీ, నిన్ను తెచ్చిన కారేదీ?" అంది. తడుముకుంటూ వచ్చింది. కప్పు తడిమింది, తలుపు తడిమింది, వంగి ఆ బొద్దు టైరుని నిమిరింది.

"ఎంత అందంగా ఉందయ్యా నీ కారు!" అంది.

బాబాయి నావైపు తిరిగాడు. మొహం చాటంతయింది.

"విన్నావుటే?" అన్నాడు. "చూసేవాళ్ళుండాలి గానీ!"