‘ఇంధనం’ అనే గదిలో మామ

మా మేనమామ పోయిన నెల వల్లూరులో చనిపోయాడు. కబురు చెప్పింది అత్తే. ఫోన్లో ఏడవలేదు. “పొద్దున్నే పోయినాడప్పా. నువ్వు వచ్చేటప్పుడు ఆయన ఫొటో ఒకటి తీసుకరా. ఇంట్లో ఒకటీ లేదు. దినాలకు కావల్ల” అంది.

సులభమే అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ పావగడ తాలూకాలో ఫొటోలు తీస్తున్న విలేకరిని. వాటన్నిటినీ ఒక ఆన్‌లైన్ ఫొటో భండారంలోకి ఎక్కించాను. అక్కడున్నాయనే ధీమాతో అసలు కాపీలు దాచుకోలేదు.

మామ చాలా ఏళ్ళు గొర్రెలు కాశాడు. చేను సోలార్ పార్కుకు గుత్తకు పోయాక అక్కడే సెక్యూరిటీ గార్డుగా చేరాడు. నేను ఫొటోలు ఎక్కించడం మొదలుపెట్టిన వేసవిలో డ్యూటీ దిగి వచ్చి నా పక్కన కూర్చునేవాడు. భండారంలో ప్రతి ఫొటోనూ ఒక కేటగిరీలో వేయాలి. అది వాళ్ళు ముందే కట్టిపెట్టిన గది. ఆ పైన మనకు తోచిన మాటలు ట్యాగులుగా తగిలించవచ్చు. ఒకరోజు సోలార్ పలకల మధ్య గొర్రెలు మేస్తున్న ఫొటో వచ్చింది.

“ఇది ఏ గదిలోకి పోతుంది మామా?”

“గొర్రెలుండాయి కదప్పా, గొర్రెల్లో ఎయ్యి.”

“గొర్రెలకు గది లేదు. వ్యవసాయం, ఇంధనం, జంతువులు, ప్రజలు. వీటిలో ఏదో ఒక్కటే.”

“దీన్ని చేసినోడు జన్మలో ఒక గొర్రెను ఎతికినోడు కాదులే అల్లుడా. మాటలు రాసుకో.” చెప్పుకుంటూ పోయాడు. తిమ్మక్క చేను. నీళ్ళ ట్యాంకు పక్కన. ఎడమ పక్కదానికి కుంటు. ఆ పొద్దు గాలి.

“గాలి ఫొటోలో కనపడదు మామా.”

“అన్నీ ఒకే పక్కకు తిరిగి నిలబడుండాయి చూడు. గాలి కాకపోతే ఏంది?”

ఒక్కో ఫొటోకు ముప్పై నలభై మాటలు. ఇన్ని పెట్టి ఎవరు వెతుకుతారని విసుక్కున్నాను. “ఎతికేటోడు ఏం పోగొట్టుకోనుంటాడో నీకేం తెల్సు? అన్నీ రాసిపెట్టు” అన్నాడు. ఆ వేసవి రాశాను. తర్వాత ఆయన్ను పిలవడం మానేశాను. కేటగిరీ: ఇంధనం. ట్యాగులు: సోలార్, పావగడ. నిమిషానికి నాలుగు ఫొటోలు ఎక్కేవి.

అత్త అడిగింది ఆ తర్వాతి కాలపు ఫొటో. “గార్డు టోపీ పెట్టుకోని నవ్వినాడు చూడు, అది. నువ్వే తీసినావు.” తీసింది నిజమే, గుర్తుంది. ఆయన పేరుతో వెతికితే ఏమీ రాలేదు. ఊళ్ళో అందరి పేర్లూ చెప్పినాయన తన పేరు చెప్పలేదు. నేనూ రాయలేదు. ‘ప్రజలు’ గదిలో నాయకులు, జాతరలు. ‘ఇంధనం’ తెరిస్తే పేజీల కొద్దీ నీలం పలకలు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు. వాటి మధ్య మనిషి ఉంటే నువ్వుగింజంత. సగం పేజీలు నెట్‌వర్క్ లేక తెరుచుకోనేలేదు. తొమ్మిది రోజులు వెతికాను.

“ఇంత పెద్ద పేపరోనివి, మీ మామ యాడుండాడో నీకే తెల్దా?” అంది అత్త. చివరికి ఆమే, “టోపీది పోనీలే. బోరు కాడ ఆ బూడిద రంగు గొర్రె నోరు తెరిచి, పళ్ళు చూసి వయసు లెక్కేస్తా ఉంటే తీసినావే, అదన్నా ఉండాదా?” అని అడిగింది.

బోరు, బూడిద రంగు. రెండు మాటలు కొట్టాను. ఒక్కటే ఫొటో వచ్చింది. కింద ఆ వేసవి మామ చెప్పిన మాటలన్నీ ఉన్నాయి, తన గురించి తప్ప. ఫొటోలో మాత్రం ఉన్నాడు. పక్కకు తిరిగి, రెండు చేతులతో గొర్రె దవడ పట్టుకుని.

వై.ఎన్.హొసకోట స్టూడియోలో, “గొర్రెను తీసేసి మొగం ఒకటే పెడదునా సార్?” అని అడిగారు. గొర్రెను తీస్తే ఆయన చేతులు పోతాయి. ఉన్నది ఉన్నట్టే వేయమన్నాను.

టోపీ ఫొటో ఇప్పటికీ దొరకలేదు. అది ఆ గదిలోనే ఉంది. రెండు మాటలు తగిలించి అక్కడ పడేసింది నేనే, తప్పూ నాదే.

పదకొండో రోజు కుర్చీ మీద ఫొటో పెట్టి దండ వేశారు. నాగలమడిక నుంచి వచ్చిన చుట్టాలు దండం పెట్టుకుని, “ఆ గొర్రె ఎవురిదిమ్మా?” అని అడుగుతున్నారు. అత్త కళ్ళు తుడుచుకుని ప్రతి ఒక్కరికీ చెప్తోంది. “మాదే. తల్లి సస్తే సీసాతో పాలు తాపి సాకినాడు.”

మామతో కలిసి గొర్రెలు కాసిన పెద్దాయన ఒకడు కర్ర గడప బయట పెట్టి వచ్చాడు. దండం పెట్టలేదు. వంగి, దండను ఒక వేలితో పక్కకు జరిపి, గొర్రె నోట్లోకి చాలాసేపు చూశాడు.

“రెండు పళ్ళేసినాది” అన్నాడు.