బీటె బల్ల మీద మూడో ఆకు

కాళాచారి గారు కైవారలో కూతురి ఇంట కన్నుమూశారని ఒకరోజు పొద్దున ఆ కూతురే ఫోన్ చేసింది. నేను నమ్మలేదు. "సోమవారం అంగడికి వస్తానన్నారే" అని ఆ అమ్మాయితో వాదించాను కూడా. వాదించి గెలవగలిగే విషయమైతే ఎంత బాగుండును! చింతామణిలోని ఆయన వడ్రంగి అంగడిలో తొమ్మిదేళ్లు పక్కన కూర్చుని పొదుగుపని నేర్చుకున్న ఏకైక శిష్యురాలిని నేను.

ఆయన చివరగా చేపట్టింది ఒక పురాతనమైన రాతబల్ల. ఏటవాలు మూత, లోపల సిరాబుడ్డికి గుంట, ఉత్తరాలకు చిన్న చిన్న సొరుగులు. నల్లని బీటె, అంటే రోజ్‌వుడ్ కొయ్యలో పసుపుపచ్చని పనస కొయ్యను పొదిగి, మూత అంచంతా లతను అల్లాడు ఎవరో అజ్ఞాత శిల్పి. ఒక మూలను చెదలు తినేశాయి. ఆ భాగం తీసేసి, అంతే వయసున్న బీటె ముక్కను అతికారు ఆచారి గారు. దాని మీద మూడు ఆకులు పొదిగితే లత సంపూర్ణమవుతుంది.

"మిషన్లో కోయిస్తే గంటలో అయిపోతాదంట కదప్పా?" అన్నాడు ఒకనాడు బల్ల యజమాని.

"అయిపోతాది. అయిపోతే చాలనుకుంటే ఆడికే తీసుకపోప్పా" అన్నారు ఈయన తలెత్తకుండానే. మహా వినయశీలి, కానీ ఆ వినయంలో కాస్త కారం ఉండేది. ఆ యజమాని తర్వాత పనేమీ లేకపోయినా వచ్చి కూర్చుని చూసేవాడు.

"ముందు ఆకు కోయల్లమ్మా. ఆకును చూసి చోటు తవ్వల్ల. చోటు ముందే తవ్వినావంటే, దాంట్లో పట్టించేదానికి ఆకును చెక్కి చెక్కి చంపుతావు" అనేవారు. పొదగడం అయ్యాక కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమేవారు. అతుకు వేలికి తెలిసిందా, మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. తెలియకపోతే "బాగుండాదమ్మా" అనేవారు. తొమ్మిదేళ్లలో ఆ మాట నేను విన్నది కొద్దిసార్లే.

రెండు ఆకులు ఆయనే పొదిగారు. మూడోది కోసి నా అరచేతిలో పెట్టి, "దీనికి చోటు నువ్వు తవ్వు" అన్నారు.

అంత పాత కొయ్య మీద ఉలి జారితే దిద్దుకోలేం. "నాకు భయమప్పా. కైవార నుంచి వచ్చినాక మీరే తవ్వండి" అన్నాను.

"నా చెయ్యి వణుకుతా ఉండాదమ్మా" అన్నారు మెల్లగా. నన్ను ఒప్పించడానికి అలా అంటున్నారనుకున్నాను.

దినకర్మలు ముగిశాక ఆ ఆకును వెలుతురులో పెట్టి చూశాను. ఒక అంచున సన్నని వంకర. ఆయన చెయ్యి నిజంగానే వణికింది. గరుకు కాగితంతో రుద్దితే సరైపోయేదే, కానీ నాకు మనసొప్పలేదు. ఆ వంకర వెంబడే ఉలిని నడిపి చోటు తవ్వాను. ఆకు అందులో కూర్చుంది. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమాను. అతుకు తెలియలేదు.

ఆ పుణ్యమూర్తికి నేను సమర్పించుకోగలిగిన అంజలి అదొక్కటే. "బాగుండాదమ్మా" అనే గొంతు కోసం చాలాసేపు కళ్లు తెరవకుండా అలాగే నిలబడ్డాను.