ఏం కంపు?

ఈ మధ్యాహ్నం హాస్టల్ వంటగదిలో పప్పు గుండిగ మూత తీయగానే ఆవిరి ముఖానికి కొట్టింది. చింతపండు, వెల్లుల్లి, అడుగున కాస్త మాడు. ఇంకేమైనా ఉందా? మళ్ళీ వంగి చూశాను. కడపలో వార్డెనుగా చేరి ఇన్నేళ్ళయినా ఈ భయం నన్ను వదల్లేదు. దీన్ని నాకు అంటించిన మనిషి నాగరత్నమ్మ టీచర్.

పడమటి కర్నూలులో ఒక బాలికల హాస్టల్లో ఆవిడ తెలుగు టీచరు, వార్డెను కూడా. అమ్మానాన్నలు పనులకు వలసపోతే ఆ పిల్లలకు మేమే దిక్కు. నేను ఆవిడకు సహాయంగా కొత్తగా చేరాను. అక్కడొక పద్ధతి ఉండేది. వడ్డనకు అరగంట ముందు టీచర్ మూత తీయించి, నన్ను వాసన చూడమనేది. తర్వాత తానొక్కతే కూర్చుని తినేది. ఒకసారి చారు దగ్గర నేను ముక్కు మూసుకుని "అబ్బా, కంపు!" అన్నాను.

"ఏం కంపు?" అంది. "ఒట్టి కంపంటే నాకేం తెలుస్తాది మ్మా? పాత పద్యాల్లో పూలకు కూడా కంపే. మా అమ్మోళ్ళ ఊర్లో, కన్నడంలో, ఇప్పటికీ మంచి వాసనను అట్లే అంటారు. మన తెలుగోళ్ళే ఆ మాటను ఎత్తుకపోయి మురిక్కాలవలో పడేసినారు. పులిసిందా, మాడిందా, ముక్కిందా, అది చెప్పు."

ఇంగువ ఎక్కువైంది, అంతే. పంతులమ్మ చాదస్తం అని లోలోపల విసుక్కున్నాను.

ఆ ఎండాకాలం ఒకరోజు నాకు ఊరికి పోయే తొందర. మధ్యాహ్నం పప్పును పొద్దున్నే చేయించి మూతపెట్టించాను. తీరా మూత తీస్తే ఏదో తేడా. "కంపు... కొంచెం" అని గొణిగాను.

"ఏం కంపు లచ్చుమీ? సరిగ్గా చెప్పు."

పారబోస్తే వేరే పప్పు లేదు. పొద్దున్నే ఎందుకు చేయించావని అడుగుతుంది. నా బస్సు పోతుంది. "ఏం లేదు టీచర్, గుండిగదేమో" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి ఒక్కసారి చూసి అన్నం కలుపుకుంది.

ఇంకా వడ్డన మొదలుకాలేదు, ఆవిడ కడుపు పట్టుకుని గోడకు చేరగిలబడింది. "పారబోయండి. పిల్లోళ్ళకు మజ్జిగన్నం పెట్టండి" అని మాత్రం అనగలిగింది.

సాయంత్రం ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుంటే పక్కన కూర్చున్నాను. జరిగిందంతా చెప్పేసి ఏడ్చాను. "ముద్ద నోటి దాకా తెచ్చుకున్నారు కదా టీచర్, మీకైనా తెలియలేదా?" అన్నాను.

"యాడ తెలుస్తాది మ్మా? జరమొచ్చి పోయినప్పట్నించి నాకు వాసనే తెల్దు. శానా ఏండ్లాయె. నాలిక్కి ఉప్పూ కారం పులుపే. ఆ పులుపు చింతపండుదనుకున్నా. చెప్తే వార్డెను పని తీసేస్తారేమోనని భయం. అందుకే నిన్ను అడిగేది."

"మరి ముందుగా మీరే ఎందుకు తినడం?"

"ముక్కు లేకున్నా కడుపన్నా ఉండాది కదా" అంది.

ఆవిడ కోలుకుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

"ఏమన్నా కంపా మేడం?" అని ఇప్పుడు మా వంటామె అడుగుతోంది.

"మాడు. ఇంకేం లేదు" అని గట్టిగా పైకే చెప్పాను. చెప్పాక కూడా నమ్మకం చాలలేదు. పళ్ళెంలో అన్నం పెట్టుకుని, పప్పు పోసుకుని, గడియారానికి ఎదురుగా కూర్చున్నాను. పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా అరగంట ఉంది.