తెరకు అడ్డంగా చాచా

దుబాయ్ సత్వాలో మా గదివాళ్లందరికీ పెద్దదిక్కుగా ఉన్న చాచా చనిపోయాడని మొన్న గురువారం దేరా బజారులోని వీడియో క్యాసెట్ల షాపులో చెప్పారు. ఆయన చాలాకాలం ఆ షాపులోనే పనిచేసి, కిందటేడు నెల్లూరు వెళ్లిపోయాడు. కబురు విని అక్కడే ఒక స్టూలు మీద కూర్చున్నాను.

ఆ గదికి నేను పారిపోయి వచ్చాను. దుబాయ్‌కి దూరంగా ఖోర్ ఫక్కాన్ ఊళ్లో కట్టడం పనిలో నేను కట్టిన పరంజా పలక విరిగి, మా జగిత్యాల మనిషే ఒకడు కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నన్ను జైల్లో వేస్తారని ఎవరో అన్నారు. పాస్‌పోర్టు నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గరే ఉన్నా, ముందూ వెనకా చూడకుండా టాక్సీ ఎక్కేశాను. సత్వాలో పంతొమ్మిది రోజులు కిటికీ దగ్గరికి కూడా పోలేదు. అన్నం తింటున్నా చెవులు తలుపు మీదే ఉండేవి.

చాచా ఒక్క మాటా అడగలేదు. కింది మెట్టు నుంచే దగ్గుతూ వచ్చేవాడు. ఆయనకు అసలు దగ్గే లేదని, వచ్చేది తానేనని నాకు తెలియడానికే దగ్గుతున్నాడని గ్రహించడానికి నాకు వారం పట్టింది.

శుక్రవారం నమాజు అయ్యాక, భోజనాలు చేసి గదిలో సినిమా చూసేవాళ్లం. ఇంగ్లీషు సినిమా అయితే చాచా పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. మాలో ఇంకెవరికీ ఆ భాష రాదు. నేను వచ్చిన మూడో శుక్రవారం ఒక పాత నలుపు తెలుపు సినిమా తెచ్చాడు.

“దీన్ని ఎవురూ తీసుకోరబ్బయా. పాటల్లేవు, పేరున్నోళ్లు లేరు. నాలుగు పేజీల కథను సినిమా తీసుండారు. ఎంత బాగుంటదో చూడండి” అన్నాడు.

గడియారాలు బాగుచేసే ఒకడు, తాను చేయని హత్య తన మీద పడుతుందని అద్దెగదిలో దాక్కుంటాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడినప్పుడల్లా వాడితోపాటు నాకూ చెమటలు పట్టాయి. చివరికి ఆ బూట్లు తలుపు దగ్గర ఆగాయి. సరిగ్గా అప్పుడే చాచా లేచి, సౌండ్ తగ్గించి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

“జరుగు చాచా, కనవడ్తలేదు!” అని అరిచాను.

“నేను చెప్తా ఉండా గదా. తలుపు వాడే తీసినాడు. పోలీసాయన కూర్చోబెట్టి నీళ్లిచ్చినాడు. ఇన్నాళ్లు ఎందుకు దాక్కున్నావురా పిచ్చోడా అన్నాడు. ఖలాస్” అని టీవీ ఆపేశాడు.

మర్నాడు పొద్దున నేనే అడిగాను. “కఫీల్ తాన్కి పోదాం చాచా. నువ్వు గూడ వస్తవా?”

దారంతా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఊరు దగ్గరపడేకొద్దీ ఆయన పట్టు బిగుస్తోంది.

“భయమైతున్నదా చాచా?”

“నీకంటే ఎక్కువే అబ్బయా” అన్నాడు.

కఫీల్ కడుపునిండా తిట్టాడు. పలక పుచ్చిపోయిందని కిందపడినవాడే మొదటిరోజు మా మేనేజరు ముదీర్‌కు చెప్పాడట. నన్ను ఏ పోలీసూ వెతకలేదు. తర్వాత కఫీల్ నన్ను దుబాయ్ పనికి మార్చాడు. నేను చాచా గదిలోనే ఉండిపోయాను.

కిందటేడు నెల్లూరు వెళ్లేటప్పుడు చాచా ఆ క్యాసెట్టూ, ఆ కథ ఉన్న పాత పుస్తకమూ నాకిచ్చి, “ఇంగ్లీషు వచ్చినాక చదువుకో” అన్నాడు. ఇప్పుడు కూడబలుక్కుని చదవగలను కానీ, ఇన్నాళ్లూ పుస్తకం తెరవలేదు. కబురు విన్న మర్నాడు తెరిచాను. కథలో అతను తలుపు తీయనే తీయడు. భయంతో ఆ గదిలోనే చచ్చిపోతాడు. ఆ తర్వాత క్యాసెట్ పెట్టాను. సినిమాలో తలుపు తీస్తాడు, గడప మీదే కాల్చేస్తారు.

నీళ్లిచ్చిన పోలీసు ఎక్కడా లేడు. ఆయన్ను మా చాచా నా కోసం పుట్టించాడు. నా గతి ఏమవుతుందో తనకూ తెలియకుండానే. ఆ రోజు ఇంకోలా జరిగి ఉంటే, నన్ను చెయ్యి పట్టుకెళ్లి అప్పగించినవాడు ఆయనే అయ్యేవాడు. అంత భయాన్ని ఆయన నా బదులు మోశాడు. ఆ మేలు ఈ జన్మలో మరిచిపోలేను.

క్యాసెట్ కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. బూట్లు తలుపు దగ్గర ఆగగానే లేచి, సౌండ్ తగ్గించి, తెరకు అడ్డంగా నిలబడ్డాను. గదిలో మిగతావాళ్లంతా బయటికి పోయారు, ఎదురుగా ఒకప్పటి చాచా మంచం ఖాళీగా ఉంది. జరగమని అరిచేవాళ్లు ఎవరూ లేరు.