మజ్జిగ తొణకని మలుపు

ఆ కాలంలో గుట్ట దిగి రాయచోటికి వచ్చే బస్సులో వాంతి చేసుకోకుండా కూర్చున్నవాణ్ణి మేమంతా కాస్త గౌరవంగా చూసేవాళ్లం. యాభైల నాటి మాట. నేనప్పుడే చదువు ముగించి రోడ్ల ఆఫీసులో పటాలు గీసే పనిలో చేరాను (పని ఇంకా ఖాయం కాలేదు, ఇంట్లో మాత్రం నన్ను ఇంజనీరనే చెప్పుకునేవారు). ఒకరోజు మా పెద్దసారు గుట్ట మలుపు పటం నా ముందు పడేసి, "ఏమప్పా, తిన్నగా వచ్చే దారి, వంపు తిరిగే దారి ఈడ కలుస్తాండాయి. అతుకు తెలియకుండా గీస్తే ఉద్యోగం నీది. లేకుంటే ఊరికి పోయి శెనక్కాయలు పీక్కో" అన్నాడు. శెనక్కాయలు పీకడం నాకు చేతకాదు. అందుకని ఆ గీత అంతు చూడాలని పంతం పట్టాను.

కాగితం మీద చిన్నదిగా గీస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. నాకు నమ్మకం కుదరలేదు. నేనుండే మామ ఇంటి వెనక బయల్లో అత్త ముగ్గుపిండితో మలుపు పెద్దదిగా గీసి, అద్దె సైకిలు తెచ్చి, వెనక మామను కూర్చోబెట్టి చేతికి నిండు మజ్జిగ చెంబిచ్చాను. మజ్జిగ తొణకకపోతే గీత కుదిరినట్టు. మొదటిసారి గీతలు కలిశాయి గానీ చెరో దిక్కు చూస్తూ కలిశాయి. మామ, మజ్జిగ, నేను తలో వైపు పడ్డాం. దిక్కు సరిచేసి మళ్లీ గీశాను. కంటికి నున్నగానే ఉంది, కానీ వంపు మొదలయ్యే చోట హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పాల్సివచ్చి మజ్జిగంతా మామ పంచె మీద పడింది.

"శానా బాగుండాది రా అల్లుడా నీ లెక్క! తాగే మజ్జిగతో స్నానం చేయిస్తాండావు" అన్నాడు మామ.

"ఇంట్లో ఇంక చుక్క మజ్జిగ లేదు. నీళ్లతో పడి చావండి" అంది అత్త. (మజ్జిగైతే మరక బాగా తెలుస్తుందని వాదించబోయి, ఆమె చూపు చూసి మానుకున్నాను.)

వంపు ఒక్కసారిగా రాకూడదు, మొదట ఉండీ లేనట్టుండి పోనుపోను బిగుసుకోవాలి. అది తెలిశాక పొద్దు వాలేదాకా చెరిపి గీస్తూనే ఉన్నాను. చివరికి చెంబులో నీళ్లు కదల్లేదు. మామ వాటిని గటగటా తాగేశాడు.

"తావు ఎక్కువ తింటాది కదప్పా ఇది?" అని మర్నాడు ఆఫీసులో నా పటం చూసి పెద్దసారు నసిగాడు.

"జనం కక్కకుండా పోతారు సార్" అన్నాను. నవ్వి సంతకం పెట్టాడు.

రోడ్డు పడ్డాక మామను బస్సెక్కించి తీసుకుపోయాను. మలుపు వచ్చేసరికి గురకపెడుతున్నాడు. "మామా, మలుపు!" అని కుదిపాను. "యాడ?" అని బయటికి చూసి, "ఏమీ లేదే. నిద్ర చెడగొడతాండావు" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ రోజంతా అలిగాను. ఇప్పుడా దారిన పోతుంటే అలా అలిగిన నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. మామ లేడు, బెంగగానూ ఉంటుంది. ఇప్పుడు పక్కనుంటే లేపను, హాయిగా పడుకోనిస్తాను.