అన్నయ్య కారుకు నా పెళ్లి పూచీ

ఈ సాయంత్రం ఝపటాపూర్ పేటలోని మా ఇంటికి ఫైనాన్స్ కంపెనీ మనిషి వచ్చాడు. పాత అంబాసిడర్ ఒకటి కొని స్టేషన్ దగ్గర టాక్సీగా తిప్పుకుందామని అన్నయ్య అప్పు అడిగాడు. అంతకుముందు వాయిదాలు కట్టలేక స్కూటర్ పోగొట్టుకున్నాడు కనుక ఖరిదా బజారులో అతని మాట ఎక్కడా చెల్లడం లేదు. నాన్న రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరయ్యారు. ఇంట్లో జీతం వచ్చేది బడిలో చదువు చెప్పే నాకే. అందుకని పూచీ సంతకం నేను పెడతానన్నాను.

ఆ మనిషి నా వైపు చూడకుండా నాన్నతోనే మాట్లాడాడు.

"పాప సంతకం ఏటి పనికొస్తాది బాబూ? రేపు పెళ్లయితే ఏ ఊరెల్లిపోద్దో! అప్పు తీరే మూడేళ్లూ పెళ్లి సెయ్యబోమని రాసియ్యండి, కారు ఇప్పించేస్తాం."

అన్నయ్య ఆశగా నా వైపు తిరిగాడు. "మూడేళ్లే కదే సెల్లీ!"

అతని ముఖం చూసి సరే అనబోయి ఆగాను.

"కారుకి పూచీ అడిగినావు, బాగుంది," అన్నారు నాన్న. "పిల్ల పెళ్లిని తాకట్టెట్టమంటావేటి? టీ తాగీసి ఎల్లు నాయనా."

అతను టీ తాగకుండానే వెళ్లిపోయాడు. అన్నయ్య అన్నం తినకుండా పడుకున్నాడు.

ఇంకా చదువుకోవాలి, కొన్నేళ్లు పెళ్లి మాట ఎత్తొద్దని నాన్నతో ఎప్పటి నుంచో పోరుతున్నది నేనే. అయినా ఆ మాట ఇంకొకరికి రాసివ్వడానికి మనసొప్పలేదు. రేపు పొద్దున్న అన్నయ్య ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

మీరైతే రాసిచ్చేవారా?