ఎండ్రికాయ బొమ్మ

సిరిసిల్ల బడిలో ఇంగ్లీషు చెప్పే ఉపేందర్‌రావు సారు ఏ మాట కనబడినా దాని పుట్టుక చెప్పందే ఊరుకోడు. ముందుగా కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటాడు. నిరుడు ఎండాకాలం, సాంచాల మీద బట్ట నేసే బాలమల్లు భార్య సక్కుబాయి పెద్దాసుపత్రి కాగితం తెచ్చి చదవమంది. అందులో క్యాన్సర్ అని ఉంది. సారు అద్దాలు తుడుచుకున్నాడు. అది లాటిన్ మాట అనీ, ఎండ్రికాయ అని అర్థమనీ, ఆకాశంలోని కర్కాటక రాశికీ అదే పేరనీ, గడ్డ చుట్టూ నరాలు ఎండ్రికాయ కాళ్ళలా కనబడితే పాతకాలపు వైద్యులు రోగానికి ఆ పేరు పెట్టారనీ ఉత్సాహంగా చెప్పి, కాగితం వెనక బొమ్మ కూడా గీశాడు. ఆమె ఓపికగా అంతా విన్నది.

“మంచిగ చెప్పిన్రు సారూ. మా ఆయిన బతుకుతడా?”

బాలమల్లు శ్రావణం దాటలేదు. ఇప్పుడు సక్కుబాయి బజారులో ఎదురైతే సారు కళ్ళద్దాలు తీసి తుడుస్తూ నిలబడతాడు. ఆమె దాటిపోయేదాకా మళ్ళీ పెట్టుకోడు.